ముడి కొమ్ము నుంచి తుపాకిమందు కొమ్ము దాకా

మూతి వైపు నుంచి మందు కూరే పాతకాలపు రైఫిల్ కిట్ తెప్పించుకుని, కర్ర నున్నగా చేసి, ఇనుముకు రంగు పట్టించి, ఓపిగ్గా బిగించుకునేవాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు. అంత శ్రమపడినవాళ్లు కూడా తుపాకిమందు పోసి ఉంచుకోవడానికి మాత్రం దుకాణంలో దొరికే డబ్బా కొనేస్తారు. 18వ శతాబ్దపు చెకుముకి తుపాకి పక్కన ఆ డబ్బా అస్సలు నప్పదు. ఆ తుపాకికి తోడు పశువు కొమ్ము. అది మీరే చేసుకోండి. కిట్‌లో సగం పని ఫ్యాక్టరీలోనే అయిపోయి వస్తుంది. కొమ్ములో అయితే మొదటి కోత నుంచి చివరి మెరుగు దాకా అంతా మీ చేతిమీదే జరుగుతుంది.

అప్పట్లో కొమ్మునే ఎందుకు వాడారో తెలిస్తే పని ఎక్కడ జాగ్రత్తగా చేయాలో కూడా తెలుస్తుంది. కొమ్ము తేలిక. తుప్పు పట్టదు, నిప్పురవ్వ రాల్చదు, తడిని లోపలికి రానివ్వదు. పలచగా గీరితే వెలుతురుకు ఎత్తి లోపల మందు ఎంత మిగిలిందో చూసుకోవచ్చు. వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది తడి రాకపోవడం. తుపాకిమందులో ముప్పావు వంతు ఉండేది సురేకారం. చెమ్మ తగిలితే మందు ముద్ద కట్టి చెడిపోతుంది. ఆ కాలంలో బ్రిటిష్‌వాళ్ల మందుకు సురేకారం ఎక్కువగా మన బిహార్ నుంచే ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వెళ్లేది. అంత దూరం నుంచి వచ్చిన సరుకును అడవిలో, వానలో, మంచులో పొడిగా కాపాడాల్సిన బాధ్యత ఈ కొమ్ముది. కాబట్టి మీరు చేసిన కొమ్ము మీద ఎంత అందమైన బొమ్మ ఉన్నా, అడుగున గాలి దూరితే అది పనికిరాదు. ఈ ఒక్కటీ మొదటి నుంచీ గుర్తుంచుకోండి.

పనిలోకి దిగే ముందు చట్టం సంగతి. ఖాళీ కొమ్ము చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందులో మందు పోసి తుపాకి వాడటం మాత్రం వేరే విషయం. అమెరికాలో మూతి నుంచి కూరే తుపాకులను ఫెడరల్ చట్టం ప్రాచీన ఆయుధాల కింద చూస్తుంది, కానీ రాష్ట్రాల నిబంధనలు ఒకేలా ఉండవు. మీ వీసా పరిస్థితితో సహా అన్నీ కనుక్కున్నాకే అడుగు వేయండి. మన దేశంలో మూతి నుంచి కూరే తుపాకికి కూడా ఆయుధాల చట్టం, మందుకు పేలుడు పదార్థాల చట్టం వర్తిస్తాయి. లైసెన్సు లేకుండా ఆ జోలికి వెళ్లొద్దు. ఇక్కడివాళ్లు కొమ్మును అలంకారంగా గోడకు తగిలించుకోవడానికి చేసుకోవచ్చు. అడవిదున్న కొమ్ము ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి, అది వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తుంది.

కొమ్ము ఎంచుకోవడం

లోపలి ఎముక తీసేసి, శుభ్రం చేసిన ముడి కొమ్ములు అమ్ముతారు. అవే కొనండి. ఎముక ఉన్న పచ్చి కొమ్ము తెచ్చుకుంటే దాన్ని ఉడకబెట్టి ఎముక ఊడదీయాలి. ఆ వాసన ఇల్లంతా పట్టి వారం దాకా వదలదు.

బయటి వంపు మీదుగా టేపు పెట్టి కొలిస్తే 12 నుంచి 16 అంగుళాల పొడవు, మొదలు దగ్గర రెండున్నర నుంచి మూడు అంగుళాల వెడల్పు ఉంటే సరిపోతుంది. తెల్లటి ఒళ్లు, నల్లటి కొన ఉన్న ఆవు లేదా ఎద్దు కొమ్ము ఈ పనికి బాగా కుదురుతుంది. మన పర్లాకిమిడి పనివాళ్లు కొంగలూ రొయ్యలూ చెక్కే నల్లటి గేదె కొమ్ముకు మెరుపు అద్భుతంగా వస్తుంది కానీ, లోపలి మందు కనపడదు, నల్లటి ఒంటి మీద గీసిన గీతా కనపడదు.

కొనేటప్పుడు కొమ్మును నడుముకు ఆనించి చూడండి. మొదలు శరీరానికి ఒత్తుకుని, కొన ముందుకు తిరిగి కొద్దిగా పైకి లేవాలి. కుడిపక్క వేలాడదీస్తారా, ఎడమపక్కా అనేదాన్ని బట్టి వంపు మారుతుంది. తర్వాత బల్బుకు అడ్డం పెట్టి చుట్టూ తిప్పండి. పొడవునా నల్లటి వెంట్రుక లాంటి గీత కనిపిస్తే అది పగులు. పురుగు తిన్న గుంటలు లోతుగా ఉన్నా వదిలేయండి. మొదలు అంచు గోడ కనీసం ఎనిమిదో వంతు అంగుళం మందం ఉండాలి. కాగితంలా పలచబడిపోయిన అంచును వెనక్కి కోసుకుంటూ పోతే కొమ్ము పొట్టిదైపోతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. సన్నపళ్ల రంపం, ముతకదీ సన్నదీ రెండు ఆకురాళ్లు, పదునైన గీరుడు రేకు, డ్రిల్, ఉప్పుకాగితం, తేనెమైనం, లావుపాటి తీగ ముక్క. మాస్కు మాత్రం తప్పనిసరి. కొమ్ము కూడా మన గోరు లాంటి పదార్థమే. కోస్తే, డ్రిల్ పెడితే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఎన్95 మాస్కు పెట్టుకుని, వీలైతే ఆరుబయట పని చేయండి.

కొనకు రంధ్రం

కొమ్ము కొన లోపల బోలుగా ఉండదు, గట్టిగా ఉంటుంది. ఆ గట్టి భాగం ఎంత పొడవుందో ముందు తెలుసుకోవాలి. మొదలు వైపు నుంచి తీగను లోపలికి తోయండి. ఆగిన చోట వేలితో పట్టుకుని బయటికి తీసి, అదే తీగను కొమ్ము బయట అదే వంపులో పెట్టి చూడండి. బోలు ఎక్కడ ముగుస్తుందో అక్కడ పెన్సిల్‌తో చుట్టూ గీత గీయండి. ఆ గీత నుంచి కొన చివరి దాకా ఉన్నదే మీరు మూతిగా మలచబోయే గట్టి భాగం.

కొన చివర అర అంగుళం మందం ఉన్న చోట అడ్డంగా కోయండి. ఇప్పుడు కోసిన ముఖం మధ్య నుంచి బోలు దాకా డ్రిల్ వెళ్లాలి. చిక్కేమిటంటే కొమ్ము వంకర, డ్రిల్ తిన్నన. పక్క గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిందంటే అంతటితో ఆ కొన పోయినట్టే. అందుకే కొమ్మును రెండు వైపుల నుంచీ చూసి, మధ్య నుంచి బోలు దాకా డ్రిల్ వెళ్లే దారిని కొమ్ము మీద రెండు పక్కలా పెన్సిల్‌తో గీసుకోండి. దారి గోడకు మరీ దగ్గరగా వెళ్తుంటే కొనను ఇంకో అర అంగుళం కోయడం మంచిది. ముందు సన్నటి బిట్టుతో నెమ్మదిగా దింపి, బోలులోకి చేరాక పావు అంగుళం దాకా పెద్దది చేయండి. మధ్యమధ్యలో బిట్టు బయటికి తీసి పొడి దులపండి. వేడెక్కితే కొమ్ము కమురుతుంది, బిట్టు ఇరుక్కుంటుంది.

అడుగు చెక్క: అసలు పని ఇక్కడే

కొమ్ము మొదలు దగ్గరి వెడల్పాటి నోటిని మూసేదే అడుగు చెక్క. ముందు ఆ మొదలు వైపు అంచును సమంగా కోయండి. చుట్టూ ఒక కాగితం పట్టీ చుట్టి, దాని అంచు వెంబడి గీత గీసుకుంటే కోత వంకర పోదు. కోసిన తర్వాత చూస్తే అది గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఒకవైపు సాగి ఉంటుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. చెక్కను ఆ ఆకారానికే చెక్కుకోవచ్చు, పాతకాలంలో అలాంటివి ఎన్నో చేశారు. లేదా కొమ్మునే గుండ్రం చేసుకోవచ్చు. నేను రెండోదే చెబుతాను. గుండ్రటి అంచుకు గుండ్రటి చెక్క సందు లేకుండా కూర్చుంటుంది.

ముందుగా ఏదైనా గట్టి చెక్కతో పొడవాటి శంకువు ఒకటి చేసుకోండి. కింద వెడల్పు, పైకి సన్నం, ఒళ్లంతా నున్నగా ఉండాలి. ఇది అచ్చు మాత్రమే, కొమ్ములో ఉండిపోదు. పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి, కొమ్ము మొదలు రెండు మూడు అంగుళాలు మునిగేలా పట్టుకోండి. పలచటి కొమ్ముకు పది నిమిషాలు చాలు, మందంగా ఉంటే అరగంట దాకా పడుతుంది. తోలు చేతొడుగులు వేసుకుని అంచును నొక్కి చూస్తే లొంగుతున్నట్టు తెలుస్తుంది. వెంటనే తీసి శంకువు మీదికి నెట్టి, తిప్పుతూ గట్టిగా దిగగొట్టండి. చల్లారేలోపే ఇదంతా జరగాలి, కాబట్టి శంకువును పొయ్యి పక్కనే సిద్ధంగా పెట్టుకోండి. మొదటిసారి పూర్తిగా గుండ్రం రాకపోతే మళ్లీ మరగబెట్టి మళ్లీ ఎక్కించండి. రాత్రంతా శంకువు మీదే ఉంచండి. వేడి నూనెలో ముంచితే త్వరగా మెత్తబడుతుందని కొందరు ఆ పద్ధతి వాడతారు. వంటింట్లో అంత వేడి నూనె అంటుకుంటే ఆర్పడం కష్టం. నీళ్లతో పని జరుగుతున్నప్పుడు ఆ ప్రమాదం ఎందుకు తెచ్చుకోవాలి?

కొమ్ము నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది. నాలుగైదు రోజులు ఆరనివ్వండి. ఆ తర్వాతే అసలు అడుగు చెక్క కొలతలు తీయాలి. పైన్, వాల్‌నట్, చెర్రీ, మేపుల్ ఏదైనా పర్వాలేదు, బాగా ఎండి ఉండాలి. పచ్చి చెక్క ఇవాళ బిగుతుగా దిగినా ఎండాకాలానికి కుంచించుకుపోయి చుట్టూ సందు ఇస్తుంది. కొమ్ము లోపలికి ముప్పావు అంగుళం వెళ్లేలా, లోపలి వైపు కాస్త సన్నగా వాలు ఇవ్వండి. బయట కనిపించే భాగాన్ని బల్లపరుపుగానో గుమ్మటంగానో మీ ఇష్టం వచ్చినట్టు మలుచుకోవచ్చు. మధ్యలో ఒక చిన్న బుడిపె వదిలితే పట్టీ కట్టుకోవడానికి పనికొస్తుంది.

చెక్క సరిగ్గా కూర్చుందో లేదో కంటితో తెలియదు. కొమ్ము లోపలి అంచుకు పెన్సిల్ సీసం దట్టంగా రుద్ది, చెక్కను దించి, ఒక చుట్టు తిప్పి బయటికి తీయండి. నల్లబడిన చోట తగులుతున్నట్టు, తెల్లగా ఉన్న చోట సందు ఉన్నట్టు. నల్లబడిన చోటల్లా కొద్దికొద్దిగా గీరి మళ్లీ దించండి. చుట్టూ ఒకే రకంగా నల్ల పట్టీ వచ్చేదాకా ఇలా చేస్తూనే ఉండాలి. విసుగొస్తుంది, అయినా దీన్ని మధ్యలో ఆపకండి. తుపాకి కిట్‌లో గొట్టాన్ని కర్రలోకి కూర్చోబెట్టేటప్పుడు మసి పూసి చూసుకుంటారు కదా, అదే పద్ధతి ఇది.

బిగించే రోజున అంచును మళ్లీ వేడి నీళ్లలో కొద్దిసేపు ఉంచి తుడిచి, చెక్క చుట్టూ కరిగించిన తేనెమైనం రాసి దిగగొట్టండి. కొమ్ము చల్లారుతూ బిగుసుకుని చెక్కను పట్టేస్తుంది. ఆరాక, అంచుకు పావు అంగుళం పైన చుట్టూ సమాన దూరంలో ఎనిమిది రంధ్రాలు పెట్టి వెదురు పుల్లలు గానీ ఇత్తడి మేకులు గానీ దించండి. రంధ్రం ముందే చేయకుండా మేకు కొడితే కొమ్ము నిలువునా చీలుతుంది. పుల్లలకు ఎనిమిదో వంతు అంగుళం రంధ్రం సరిపోతుంది. మేకులైతే వాటికన్నా రవ్వంత సన్నటి రంధ్రం పెట్టండి.

ఇప్పుడు పరీక్ష. మూతికి పెదవులు ఆనించి లోపలి గాలిని గట్టిగా పీల్చి, రంధ్రాన్ని నాలుకతో మూయండి. గాలి చొరబడకపోతే కొమ్ము నాలుకను పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది, కొన్ని క్షణాలు అలాగే నిలుస్తుంది. వెంటనే వదిలేసిందంటే ఎక్కడో సందు ఉంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో అంచును వెచ్చబెట్టి తేనెమైనం రుద్దితే కరిగి లోపలికి దిగుతుంది. మళ్లీ పీల్చి చూడండి. ఇది నెగ్గేదాకా అలంకారం జోలికి పోవద్దు.

గీరడం, రంగు

పైపొర గరుకును ముతక ఆకురాయితో తీసేసి, గీరుడు రేకుతో పొడవునా లాగండి. అడుగు చెక్క మేకులున్న పట్టీ దగ్గరా, మెడ దగ్గరా మందం వదిలిపెట్టి, మధ్య ఒళ్లు మాత్రం పలచన చేయండి. నాలుగు లాగులు లాగగానే బల్బుకు పెట్టి చూస్తే ఎక్కడ వెలుతురు బాగా వస్తోందో, ఎక్కడ ఇంకా దళసరిగా ఉందో తెలుస్తుంది. మెడ దగ్గర ఒక ఎత్తైన కంకణం వదిలి, దాని వెనక గాడి చేయండి, పట్టీ రెండో కొస అక్కడ కట్టాలి. కంకణం నుంచి కొన దాకా మూతిని ఎనిమిది పలకలుగా గానీ గుండ్రంగా గానీ ఆకురాయితో మలచండి. తర్వాత 120, 220, 320, 400 నంబర్ల ఉప్పుకాగితాలు వరసగా.

తెల్లటి కొత్త కొమ్ముకు పాతదనం రావాలంటే రంగు వేయాలి. బట్టలకు వేసే పసుపు, నారింజ రంగు పొడులు వేడి నీళ్లలో కలిపి, కాస్త వెనిగర్ పోసి, అడుగున పెట్టిన తేనెమైనం కరగకుండా గోరువెచ్చగా అయ్యాక ముంచితే తేనె రంగు వస్తుంది. ఉల్లిపొట్టు కషాయం కూడా బాగా పడుతుంది. వంటింటి పసుపు ముంచగానే అద్భుతంగా పట్టుకుంటుంది కానీ ఎండకు వెలిసిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. ముంచే ముందు మూతికి బిరడా బిగించండి, రంగు నీళ్లు లోపలికి పోకూడదు. మొదలు వైపు అంచు సమం చేసినప్పుడు తెగిన తెల్లటి ముక్క ఉంది కదా, దాన్ని ముంచి చూసుకున్నాకే అసలు కొమ్మును ముంచండి.

బొమ్మలు

ఉత్తర అమెరికాలో బ్రిటిష్‌వాళ్లు ఫ్రెంచివాళ్లతోనూ, వాళ్ల పక్షాన నిలిచిన అక్కడి ఆదివాసులతోనూ 1754 నుంచి 1763 దాకా చేసిన ఫ్రెంచ్ అండ్ ఇండియన్ యుద్ధంలో సైనికులు నెలల తరబడి కోటల్లో పడి ఉండేవాళ్లు. కొమ్ము మీద బొమ్మలు గీసే కళ ఆ కోటల దగ్గర వికసించింది. పేరు, ఊరు, తేదీ, కోట నమూనా, ఓడలు, హడ్సన్ నది పొడవునా ఊళ్లతో సహా పటం, అన్నీ కొమ్ముల మీదికి ఎక్కాయి. ఆ కళాకారుల్లో నాకు ఎంతో ఇష్టమైనవాడు జాన్ బుష్. మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీకి చెందిన నల్లజాతి సైనికుడు. 1755, 1756ల్లో న్యూయార్క్‌లోని లేక్ జార్జ్ సరస్సు ప్రాంతంలో తోటి సైనికుల కొమ్ముల మీద అక్షరాలు చెక్కాడు. 1757లో అక్కడి బ్రిటిష్ కోట ఫోర్ట్ విలియం హెన్రీ ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కినప్పుడు బందీ అయ్యాడు. ఆయన అక్షరాల చుట్టూ తీగలు, ఆకులు అల్లుకున్న తీరు ఫొటోల్లో దొరుకుతుంది. మొదటి గీత గీసే ముందు ఒకసారి వెతికి చూడండి, గీత ఎంత సన్నగా ఉండాలో అర్థమవుతుంది.

ఒళ్లు అద్దంలా నున్నగా ఉంటేనే బొమ్మ మొదలుపెట్టాలి. గరుకు మిగిలితే సిరా ఆ గీతల్లో కూడా నిలిచి అంతా మసకబారుతుంది. పెన్సిల్‌తో బొమ్మ వేసుకుని, మొన ఉన్న సూది పనిముట్టుతో గీయండి. లోతు అక్కర్లేదు, గోరు తగిలితే తెలిసేంత చాలు. చెయ్యి కదలకుండా ఉంచి, కొమ్మునే తిప్పండి. కొమ్ము నారలు పొడవునా ఉంటాయి. వాటి వెంబడి గీసే నిలువు గీత నార పట్టుకుని జారిపోతుంది. అడ్డంగా, వంపుగా గీసేది మాట వింటుంది. తాటాకు మీద గంటంతో రాసిన మన అక్షరాలు గుండ్రంగా తిరగడానికి ఆకు ఈనెలే కారణమని అంటారు. కొమ్ము మీద తెలుగు రాసి చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల నిలువు గీతల కన్నా మన వంపులే దీనికి నప్పుతాయి. వంపును ఒకే ఊపులో లాగకుండా చిన్నచిన్న గీతలుగా కలుపుకుంటూ రండి. మీ పేరు, ఊరు, సంవత్సరం తెలుగులో రాసుకోండి. సంప్రదాయం ప్రకారం అది ఎవరి కొమ్మో చెప్పేది ఆ మూడే.

గీయడం అయ్యాక నల్ల సిరా గానీ, ఆముదంలో కలిపిన దీపం మసి గానీ రుద్ది, గుడ్డతో తుడిచేయండి. గీతల్లో నలుపు నిలుస్తుంది. చివరగా ఒంటికంతా తేనెమైనం పట్టించి మెత్తటి గుడ్డతో రుద్దండి. లోపల మాత్రం నూనె, వార్నిష్ ఏదీ పూయకండి, మందు చెడుతుంది.

బిరడాకు గట్టి చెక్క వాడండి. ఫిడేలు బిరడా ఒకటి కొని పొడవు తగ్గించుకుంటే సులువు, దాని వాలు మూతిలో బిగుతుగా కూర్చుంటుంది. తోలు పట్టీనో నేసిన పట్టీనో భుజం మీదుగా వేసుకుంటే కొమ్ము మోచేతి ఎత్తులో ఆగాలి.

మందు పోశాక

లోపల పొడి, చెత్త లేకుండా దులిపి, ఒక రాత్రి ఎండనిచ్చాకే చిన్న ఇత్తడి గరాటుతో మందు పోయండి. సిగరెట్టు, పొయ్యి, కొవ్వొత్తి ఏదీ దరిదాపుల్లో ఉండకూడదు. కొమ్ము నుంచి నేరుగా తుపాకి మూతిలోకి ఎప్పుడూ పోయకండి. ముందు పేలిన దాని నిప్పు కణం గొట్టంలో మిగిలి ఉంటే, మంట ధార వెంబడి ఎక్కి చేతిలోని కొమ్ము మొత్తం పేలుతుంది. ముందు కొలత గొట్టంలోకి పోసుకుని, కొమ్ముకు బిరడా బిగించి, కొమ్మును పక్కకు తిప్పేసి, అప్పుడు కొలత గొట్టం నుంచి తుపాకిలోకి పోయాలి. ఈ వరస తప్పకూడదు, ఎంత అనుభవం ఉన్నా సరే.

ఆ రోజుకు కావలసినంతే పోసుకుని, మిగిలింది సాయంత్రం అసలు డబ్బాలోకి ఒంపేయండి. ఎండలో నిలిపిన కారులో కొమ్మును వదలొద్దు, అంచు వంగి చెక్క సందిస్తుంది. తుపాకి వాడే సీజన్ అయ్యాక ఖాళీ చేసి, తేనెమైనం మరోసారి పట్టించి, గుడ్డసంచిలో పెట్టండి. తోలు, వెంట్రుకలు తినే పురుగులు కొమ్మును కూడా తింటాయి. రెండు మూడు నెలలకోసారి తీసి చూస్తూ ఉండండి. మళ్లీ వాడే ముందు నాలుకతో గాలి పరీక్ష చేయండి. పట్టు లేకపోతే అడుగు అంచుకు డ్రయ్యర్ వేడి, తేనెమైనం మళ్లీ పెట్టాలి.